విడిగా కత్తిరించిన గుడ్డ

జులై 3

బడి పరుగు జట్టుకి బట్టలు కుట్టే పని అమ్మకి దొరికింది. ఆటల మేడమ్ స్వయంగా మా ఇంటికి వచ్చారు. మా ముందుగదే అమ్మ కుట్టుకొట్టు. గుడ్డపీలికలు పక్కకి తోసి కుర్చీలో కూర్చుని, ఎర్ర చొక్కాలు, నల్ల నిక్కర్లు కావాలని చెప్పారు. అమ్మ మొహం వెలిగిపోయింది. “మా అమ్మాయి కూడా జట్టులో ఉంది కదండీ” అంది, నేనేదో పతకాలు మూటకట్టి తెచ్చినట్టు. మేడమ్ నవ్వి ఊరుకున్నారు. అందరికన్నా వెనక వచ్చేది నేనేనని చెప్పనందుకు ఆవిడకి దణ్ణం పెట్టాలి. వస్తానన్న వాళ్లనెవరినీ ఆవిడ వద్దనరు కాబట్టి నేనున్నాను. తూనీగ చేరింది కాబట్టి నేనూ చేరాను. అది నా ప్రాణస్నేహితురాలు. గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటుంది, ఆ పేరు ఊరికే పడలేదు.

సాయంత్రం అమ్మ ఎర్రగుడ్డని పొరలు పొరలుగా బల్ల మీద పరిచి ఒక కొస నా చేతికిచ్చింది. “బిగించి పట్టుకోవే, జారిందంటే అన్నీ వంకరే” అంది. అందరివీ అటూ ఇటూగా ఒకే కొలత. పెద్ద కత్తెర పట్టుకుని అన్ని చొక్కాలూ ఒకేసారి కత్తిరించేసింది. చూడముచ్చటగా ఉంటుంది అమ్మ కత్తిరిస్తుంటే. ఆ తరవాత మిగిలిన గుడ్డ తీసి విడిగా పరిచింది.

“అదెవరికమ్మా?”

“నీకే.”

నన్ను కొలవడానికి అమ్మ టేపు తియ్యదు. నా కడుపున పుట్టినదాన్ని కొలవడానికి టేపెందుకే అంటుంది. కంటితో ఒకసారి చూసి కత్తెర వేసేసింది. ఎంత గుడ్డో. అందులో తూనీగకీ దాని చెల్లెలికీ కలిపి చొక్కాలు వస్తాయి. అమ్మ ఏమీ అనలేదు. అంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

జులై 4

పొద్దున్నే లేచి పరిగెత్తాను. మైదానంలో కాదు, రైలు పట్టాల పక్క మట్టిదారిలో. ఎవరికీ చెప్పలేదు. చెప్పను.

జులై 20

కొట్టులో నిలువుటద్దం ఉంది కానీ దాని మాట నేను నమ్మను. అమ్మ దాని కింద చెక్కముక్క పెట్టి గోడకి కాస్త వాల్చింది. ఆ వాలులో ఎవరు నిలబడినా పొడుగ్గా, సన్నగా కనిపిస్తారు. ఇది మా కొట్టు గుట్టు. “కొత్తబట్ట వేసుకున్నాక మనిషికి తన మీద తనకి కాస్త ఇష్టం పుట్టాలి కదే” అంటుంది అమ్మ. వచ్చినవాళ్లంతా అటు తిరిగి ఇటు తిరిగి మురిసిపోతుంటే నాకు నవ్వొస్తుంది. ఇంట్లో ఉన్న ఇంకో అద్దం మొహం పట్టేంతదే.

నమ్మదగ్గది ఒక్కటే, బడి స్కర్టు నడుం పట్టీ. గుడ్డకి మొహమాటం ఉండదు. హుక్కు పెట్టుకుని లోపలికి వేళ్లు దూర్చి చూస్తే నిజం తెలిసిపోతుంది. ఇవాళ ఒక వేలు దూరింది. బడికి వెళ్లేదాకా పాడుకుంటూనే ఉన్నాను.

ఆగస్టు 6

రెండు వేళ్లు!

ఆగస్టు 7

నిన్న రాయాల్సింది ఇవాళ రాస్తున్నాను. సాయంత్రం కొట్టులో ఒకావిడ జాకెట్టు సరిచూసుకుంటోంది. నేను బడి నుంచి రాగానే అమ్మ నా వైపు చూసి, “మొహం పీక్కుపోయిందేమే, బాగా సన్నబడ్డావు” అంది. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కిందదాకా చూసి, “సన్నబడటం ఎక్కడండీ, ఇంకా తగ్గాలి” అంది. పళ్ల మధ్య గుండుసూది పెట్టుకుని మరీ అంది.

ఆవిడ వెళ్లేదాకా పళ్లు కొరుక్కుంటూ ఆగాను. ఆ తరవాత అమ్మ మీద విరుచుకుపడ్డాను. నలుగురిలో నా గురించి మాట్లాడతావా, నేనేమన్నా కొట్టులో వేలాడదీసిన గుడ్డనా అన్నాను. అమ్మ చెయ్యి లాగి నా నెత్తిన పెట్టుకుని, ఇక నా ఒంటి గురించి ఒక్క మాట కూడా ఎత్తనని ఒట్టు వేయించుకున్నాను. లావని గానీ సన్నమని గానీ, అసలేమీ అనకూడదు.

“సరేలేవే. అననులే” అంది. మొహం చిన్నబుచ్చుకుంది. కానీ అమ్మ మాటంటే మాటే.

ఆగస్టు 14

స్కర్టు బిగుసుకుంది. ఒక్క వేలు కూడా దూరడం లేదు.

ఆదివారం తూనీగ వాళ్లింట్లో తిన్నాను. పళ్లెం నిండా తిన్నాను. అదే కారణం. ఇంకేముంటుంది.

ఆగస్టు 20

మట్టిదారిలో ఎవరూ ఉండరు. ఇవాళ సన్నగా తుంపర పడింది. మొదట కాళ్లు బరువుగా ఉంటాయి, ఊపిరి గొంతులో కొట్టుకుంటుంది. కాసేపటికి ఎక్కడో ఒకచోట ఆ బరువంతా దిగిపోతుంది. కాళ్లు నావి కావన్నట్టు వాటంతటవే పోతుంటాయి. అప్పుడు నేను లావూ కాదు, సన్నమూ కాదు. ఏమీ కాదు. రైలొకటి పక్కనుంచి వెళ్లింది, కిటికీలోంచి ఒక ముసలాయన చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. లావు తగ్గడానికే మొదలుపెట్టాను, నిజమే. కానీ రేపటినుంచి లావు సంగతి ఎవరూ పట్టించుకోరని చెప్పినా నేను ఇక్కడికి వస్తాను.

ఆగస్టు 29

మళ్లీ రెండు వేళ్లు దూరుతున్నాయి. గండం గడిచింది.

సెప్టెంబరు 4

మళ్లీ బిగుతు.

అమ్మ ఆదివారం ఉతికి, ఇస్త్రీ చేసి పెడుతుంది, సోమవారం వేసుకుంటే బిగుతు. అనుమానం వచ్చి అడిగాను, ఉతికితే ఈ గుడ్డ ముడుచుకుంటుందా అని. అమ్మకి రోషం వచ్చింది. “నేను తెచ్చిన గుడ్డే. రంగు పోదు, ముడుచుకోదు. నీ పిల్లలు వేసుకోవచ్చు” అంది. ఇంకేదో అనబోయి మిషను వైపు తిరిగింది.

అంటే గుడ్డ తప్పు కాదు. నాదే.

సెప్టెంబరు 12

మైదానంలో మొదటిసారి తూనీగని దాటాను. మేడమ్ భుజం తట్టి, “తేలికయ్యావు, చూశావా, ఎంత తేడానో” అన్నారు. తూనీగకి కోపం రాలేదు. నన్ను ఎగాదిగా చూసి, “నీ డబ్బా రోజూ నాకెందుకు పెడుతున్నావే? నువ్వు తినవా?” అంది. ఇంటి దగ్గర బాగా తిని వస్తున్నానని చెప్పాను. ఇంట్లోనేమో బడిలో తిన్నానని చెబుతున్నాను. రెండూ పెద్ద అబద్ధాలేం కావు. ఆకలి లేనప్పుడు ఎక్కడ తిన్నానని చెబితే ఏం?

ఆకలి లేదు. నిజంగానే లేదు.

సెప్టెంబరు 25

ఈసారి కూడా నెలసరి రాలేదు. మంచిదే, పరుగుకి అడ్డం ఉండదు.

సెప్టెంబరు 26

తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు. నీళ్లు మారాయేమో.

అక్టోబరు 3

బిగుతు. వారమంతా సాయంత్రం కూడా పరిగెత్తాను, అయినా బిగుతు. ఏం చేసినా ఈ ఒళ్లు కరగదు. ఏడుపొచ్చింది. దొడ్లో కుళాయి తిప్పి ఏడ్చాను.

అక్టోబరు 9

నాన్న వచ్చాడు. లారీ ఈసారి దూరం వెళ్లడంతో రెండు నెలలు ఇంటి మొహం చూడలేదు. వస్తూనే గుమ్మంలోంచి “ఏమే దిండూ” అని కేకేశాడు. చిన్నప్పుడు నా పొట్ట మీద తల పెట్టుకుని పడుకునేవాడట, అందుకని దిండు. ఇంకెవరన్నా అంటే ఊరుకోను, నాన్న అంటే పలుకుతాను.

అలవాటుగా నడుం పట్టుకుని ఎత్తబోయాడు. ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. మెల్లగా దించేశాడు. మళ్లీ దిండు అనలేదు.

రాత్రి వంటింట్లో ఇద్దరూ గుసగుసగా పోట్లాడుకున్నారు. అంతా వినబడింది.

“పిల్లని చూస్తున్నావా అసలు?”

“చూస్తూనే ఉన్నాను. ఎత్తు పెరుగుతోంది, పరిగెడుతోంది. వాళ్ల మేడమ్ మెచ్చుకుంటోంది.”

“ఎముకలు తగిలాయే నా చేతికి.”

అమ్మ గిన్నె ఏదో బోర్లించిన చప్పుడైంది. ఆ తరవాత, “ఏమన్నా అంటే అది మాట్లాడటం మానేస్తుంది. తన మీద ఒట్టు వేయించుకుంది” అంది.

ఎముకలట. నాన్న లారీలో కూర్చుని కూర్చుని చేతులు మొద్దుబారిపోయి ఉంటాయి.

అక్టోబరు 10

పొద్దున నాన్న నాతో మట్టిదారికి వచ్చాడు. పరిగెత్తలేడు, ఒక రాయి మీద కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి కాగితంలో ఉడికిన గుడ్డు పట్టుకుని ఉన్నాడు. “నువ్వు తింటుంటే చూసి వెళ్తాను” అన్నాడు. సగం తిన్నాను. మిగతా సగం తిన్నట్టు నటించాను. నాన్న చూశాడో లేదో తెలియదు. మధ్యాహ్నం లారీ ఎక్కాడు.

అక్టోబరు 23

చలి. అందరూ ఫ్యాను వేసుకుంటున్నారు, నాకొక్కదానికే చలి. పరుగులో తూనీగ మళ్లీ నన్ను దాటింది. మేడమ్, “కాళ్లు లేవడం లేదేంటి? డాక్టరుకి చూపించుకోరాదూ” అన్నారు. కాళ్లెందుకు లేస్తాయి, మోసేది తక్కువా? పోటీ దగ్గరపడింది. ఇంకాస్త తగ్గితే సరిపోతుంది.

నవంబరు 5

బిగుతు.

నవంబరు 13

రేపే పోటీ. అమ్మ నా నల్ల నిక్కరు, ఎర్ర చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టింది. పక్కన పాలగ్లాసు పెట్టింది. నేను గదిలోకి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడింది. పాలు మొక్కకి పోశాను.

నవంబరు 21

పడిపోయానట. మొదటి మలుపులో. నాకు గుర్తున్నది తూనీగ మడమలు, ఆ పైన ఆకాశం.

ఆసుపత్రిలో ఉన్నాను. పుస్తకం తూనీగ చేత తెప్పించుకున్నాను. పరుపు కింద నుంచి తీసి ఇచ్చింది, చదవలేదని తన మీద ఒట్టేసుకుంది.

డాక్టరమ్మ మెత్తగా మాట్లాడుతుంది. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందట. ఒంట్లో కరగడానికి ఇంకేమీ మిగలక కండనే తినేసుకుంటోందట. ఎవరి గురించో చెబుతున్నట్టు విన్నాను. మళ్లీ ఎప్పుడు పరిగెత్తొచ్చని అడిగాను.

“ముందు ఈ వరండా చివరిదాకా నడువు, చూద్దాం.”

“ఆ తరవాత?”

“ఆ తరవాత సంగతి నీ గుండె చెప్పాలమ్మా. నేనిప్పుడు మాటివ్వలేను.”

అమ్మ మంచం పక్కన నా దుప్పటి అంచు మడిచి, విప్పి, మళ్లీ మడుస్తూ కూర్చుంది.

నవంబరు 30

ఇంటికి తెచ్చారు. అమ్మ మందులు తేవడానికి వెళ్లగానే స్కర్టు తీసి వేసుకున్నాను. ఆసుపత్రిలో పూటపూటకీ కూర్చోబెట్టి తినిపించారు, ఏనుగునై ఉంటానని భయం. అనుకున్నట్టే అయింది. ఊపిరి బిగబట్టి హుక్కు పెట్టబోతే టప్పున ఊడి చేతిలోకి వచ్చింది.

అమ్మ వచ్చేలోగా కుట్టేయాలని సూది దారం తీశాను. సూది పట్టుకోవడమంటే నాకు ఒళ్లు మంట, నా బట్టలకి బొత్తాం కుట్టేది కూడా అమ్మే. ఆ స్కర్టుని తిరగేసి చూడటం ఇదే మొదటిసారి.

నడుం పట్టీ లోపల, రెండు పక్కలా, కుచ్చుల కింద దాగి గుడ్డ మడతలు. మడత మీద మడత. ఒక్కో మడతకీ ఒక్కో రంగు దారం, ఆ వేళ మిషను మీద ఏది ఉంటే అది. అన్నిటికన్నా బయట తెల్ల వరస. ఆ తరవాత నీలం, ఆ వారం అమ్మ నర్సింగు పిల్లల గౌన్లు కుట్టింది. ఆ తరవాత ఆకుపచ్చ, పక్కింటి పరదాలు. చివరికి నలుపు. ఒకదానికన్నా ఒకటి లోపలికి, లోపలికి. ఎంత సన్నటి, ఎంత తిన్నటి కుట్లో.

వెనక్కి తిప్పి ఈ పుస్తకం చదివాను. నేను బిగుతు అని రాసిన ప్రతిసారీ అమ్మ ఒక వరస వేసింది.

డిసెంబరు 1

నిన్న మిగతాది రాయలేకపోయాను.

అమ్మ వచ్చేసరికి స్కర్టు తిరగేసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మందుల సంచి కింద పెట్టడం కూడా మరిచిపోయి నిలబడిపోయింది.

“ఎందుకు చేశావమ్మా?”

“జారిపోతోంది కదే నీకు. పిన్నీసు పెట్టుకుని వెళ్తావేమోనని. కుట్టుకొట్టు వాళ్ల పిల్ల వేలాడే బట్టలు వేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారు.”

“నాకు చెప్పొచ్చు కదా.”

“మాట్లాడొద్దన్నావు కదే.”

కోపంగా అనలేదు. మామూలుగా అంది. అమ్మ నా పక్కన నేల మీద కూర్చుని చెప్పుకుంటూ పోయింది. ప్రతి ఆదివారం ఉతుకుతూ, కంటితో చూసి పెట్టుకున్న నా నడుం కొలతని పట్టీ మీద జానతో వేసి చూసేదట. ప్రతిసారీ పట్టీ ఇంకాస్త మిగిలేదట. నోటితో అంటే ఒట్టు, అందుకని మిషను దగ్గర కూర్చునేదట. బట్ట సరిపోయేలా చేస్తే పిల్ల మామూలుగా ఉన్నట్టే అనిపించేదట కాసేపు. నేను స్కర్టుని నమ్ముకుని బతుకుతున్నానని తనకేం తెలుసు.

“నువ్వు బిగుతుగా ఉందని ఒక్కసారి అనుంటే” అంది.

నేను ఎవరితో అంటాను? ఈ పుస్తకంతో అన్నాను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఏడ్చాం.

డిసెంబరు 14

అమ్మ అద్దం కింద చెక్కముక్క తీసేసి నిటారుగా పెట్టింది. ఒకావిడ వచ్చి చూసుకుని, ఇదేంటండీ నేనిలా ఉన్నాను అంది. అలాగే ఉంటారండీ అంది అమ్మ. ఈ మధ్య ఎవరికి కొలత తీసినా టేపు రెండుసార్లు చుడుతోంది.

నిటారు అద్దంలోనూ నాకు నేను లావుగానే కనిపించాను. ఈసారి దాచుకోకుండా చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించి నాడా ముక్క ఒకటి చేతికిచ్చింది. “నీ నడుం ఎంతుంటుందనుకుంటున్నావో బల్ల మీద గుండ్రంగా పెట్టి చూపించు” అంది. బాగా ఆలోచించి, పోనీలే అని కాస్త తగ్గించే పెట్టాను. అమ్మ ఆ కొస అక్కడే వేలితో నొక్కి పట్టుకుని, తీసుకొచ్చి నా నడుం చుట్టూ పెట్టింది. నాకూ నాడాకీ మధ్య ఇంకో పిల్ల పట్టేంత చోటు మిగిలింది.

“నాడా సాగినట్టుంది” అన్నాను.

“నాడా సాగదే” అంది అమ్మ. నా పొట్టకి మొహం ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

డిసెంబరు 22

నాన్న వచ్చాడు. గుమ్మంలో “అమ్మాయ్” అన్నాడు. నాకది ఎవరి పేరో అనిపించింది.

“దిండు అని పిలవవేం నాన్నా?”

పిలవబోయాడు. లారీ లైట్లు ఆపానో లేదో అంటూ బయటికి వెళ్లిపోయాడు, పట్టపగలు.

డిసెంబరు 29

నల్ల వరస విప్పింది అమ్మ. బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపి దారం లాగేసింది. స్కర్టు ఒక మడత వదులైంది. నేను సంతోషించాలి. భయం వేసింది. ఇవాళ అన్నం మొత్తం తిన్నాను, తిన్నాక మళ్లీ భయం వేసింది. రెండూ అమ్మకి చెప్పాను.

జనవరి 9

డాక్టరమ్మ ఈ ఏడాది పరుగు మాట ఎత్తొద్దంది. వచ్చే ఏడు సంగతి అడిగితే కళ్లజోడు తుడుచుకుంది. సాయంత్రాలు అమ్మతో వీధి చివరిదాకా నడుస్తున్నాను. మట్టిదారి వైపు వెళ్లడం లేదు. రైలు చప్పుడు మాత్రం ఇంట్లోకి వినబడుతుంది.

ఇవాళ ఆటల మేడమ్ వచ్చారు. కొత్త ఏడాది జట్టుకి బట్టలు కావాలి, ఈసారి నీలం చొక్కాలు. నా తల నిమిరి, కొలతలు అమ్మకిచ్చి వెళ్లిపోయారు. తూనీగది ఉంది. కొత్తగా చేరిన పిల్లలవి ఉన్నాయి.

అమ్మ నీలంగుడ్డ పొరలు పొరలుగా బల్ల మీద పరిచింది. కొస నా చేతికివ్వాలా వద్దా అని ఆగింది. నేనే తీసుకున్నాను. పెద్ద కత్తెరతో ఒకేసారి అన్నీ కత్తిరించేసింది. మిగిలిన గుడ్డని కాసేపు చూసి, జాగ్రత్తగా మడిచి బీరువాలో నా బట్టల కింద పెట్టింది.

“ఎందుకమ్మా అది?”

“ఉండనీవే. గుడ్డ తిండి అడగదు కదా” అంది.

కత్తిరించిన పొరలు విడదీసి దొంతర పెడుతోంది అమ్మ. బల్ల ఖాళీ అయిపోయింది. ఈసారి విడిగా కత్తిరించాల్సింది ఏదీ లేదు. నేను మాత్రం ఇందాక కొస పట్టుకున్న చెయ్యి ఖాళీ బల్ల మీంచి తియ్యకుండా అక్కడే నిలబడ్డాను.